మోసపోయామని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?



ఈసారి బి.పి. గురించి రాద్దామని కూర్చున్నాము. రాస్తుంటే ఒక పెద్దాయన గుర్తుకొచ్చారు. బోధన్ శక్కర్‌నగర్ నుండి మా ఓ.పి.కి వచ్చేవారు. వరుసగా మూడు నెలలు ఆయన బి.పి. అదుపులోకి రాలేదు. మాత్రలు మార్చాము, ఉప్పు తగ్గించమన్నాము. నిద్ర పట్టడం లేదనేవారు గాని ఎందుకో చెప్పేవారు కాదు. నాలుగోసారి వచ్చినప్పుడు బి.పి. చూస్తున్న సిస్టర్‌తో మెల్లగా అన్నారు: "పైసలు పోయినయి సిస్టరమ్మా. ఇంట్ల చెప్పలే. ఎట్ల చెప్పాలె, సిగ్గయితుంది."

ఆయన చదువు రానివారు కాదు, జీవితమంతా లెక్కలు రాసినవారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. రావలసిన డబ్బు ఏదో ఒకనాటికి వస్తుందని ఎదురుచూసిన ఇళ్లు బోధన్ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అలా ఎదురుచూస్తున్న మనిషికి, "మీ బకాయి మంజూరైంది, ఈ లింకులో వివరాలు నింపండి" అని ఈమెయిలు వచ్చింది. నొక్కితే అచ్చం బ్యాంకుదిలాగే ఉన్న పేజీ తెరుచుకుంది. నింపారు. ఓటీపీ కూడా ఇచ్చారు.

ఇలాంటి మాట వినగానే మనలో చాలామంది "ఆశకు పోయిండు" అంటారు. మేము ఒప్పుకోము. ఆయన అడిగింది తన కష్టార్జితమే. ఆయన ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కబురు రూపంలోనే మోసం వచ్చింది. రైతు పీఎం కిసాన్ డబ్బు కోసం చూస్తుంటే ఆ పేరుతోనే వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. కొడుకు గల్ఫ్‌లో ఉన్న తల్లికి "నీ కొడుకును పోలీసులు పట్టుకున్నారు" అని ఫోను వస్తుంది. ఆ క్షణాన ఏ తల్లి నిదానంగా ఆలోచిస్తుంది? డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియోలో చెప్పారు. అయినా భయపడ్డ మనిషికి రేడియో మాట గుర్తుకు రాదు.

ఇంకో సంగతి. మోసగాడు అందరినీ నమ్మించనక్కరలేదు. నైజీరియా పేరుతో వచ్చే ఆ విడ్డూరపు ఈమెయిళ్లు అంత నమ్మశక్యం కాకుండా ఎందుకుంటాయని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మక్ హెర్లీ 2012లో ఒక వ్యాసం రాశారు. కావాలనే అలా రాస్తారని ఆయన వాదన. నవ్వి వదిలేసేవారు మొదట్లోనే తప్పుకుంటే, జవాబిచ్చే కొద్దిమంది మీదే మోసగాడు తన సమయం పెడతాడు. కాబట్టి "నేను పడలేదు కదా" అని మనం గొప్పలు పోనక్కరలేదు. మనకు సరిపోయే ఉత్తరం ఇంకా రాలేదేమో.

సంఘాలకు సరిపోయే ఉత్తరం మాత్రం ఏనాడో వచ్చింది. "క్రీస్తునందు ప్రియులారా" అని మొదలవుతుంది. రాసేది ఒక విధవరాలు, క్యాన్సర్‌తో మరణశయ్య మీద ఉంటుంది. భర్త విడిచివెళ్లిన లక్షల డాలర్లు అనాథలకు, దేవుని పనికి ఇవ్వాలని ఆమె కోరిక. మీరు ముందుగా కొంచెం ఫీజు కడితే చాలు. ఆస్పత్రివాళ్లం గనుక మాకు ఒకటి తోస్తుంది: చావుబతుకుల్లో ఉన్న ఆ తల్లికి పేజీలకు పేజీలు రాసే ఓపిక ఎక్కడిది? ఫీజు ఆలస్యమైతే కోపం కూడా వస్తుంది! ఇంత తెలిసీ పడేవారు ఎందుకు పడతారంటే, అనాథల కోసం, మందిరం కట్టడం కోసం ఎన్నో ఏళ్లు ప్రార్థించినవారికి అది జవాబులా కనిపిస్తుంది.

జబ్బు పేరుతో, ఆస్పత్రి పేరుతో జరిగే మోసం మమ్మల్ని మరీ బాధిస్తుంది. 2022లో గుంటూరు జిల్లాలో ఒక నర్సింగ్ విద్యార్థిని, కిడ్నీకి కోట్లు ఇస్తామన్న ఆన్‌లైన్ ప్రకటన నమ్మి, పన్నుల పేరిట సుమారు 16 లక్షలు పోగొట్టుకుంది. అవయవాలు అమ్మడం, కొనడం 1994 నుండి చట్టప్రకారం నేరం. ఏ మంచి ఆస్పత్రీ కిడ్నీ కొనదు.

అవతల కూర్చుని పంపేవారి గురించీ ఒక మాట. మయన్మార్‌లోని మోసాల కేంద్రాల నుండి బయటపడిన 283 మంది భారతీయులను 2025 మార్చి 10న వాయుసేన విమానంలో స్వదేశానికి తెచ్చారు. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి తీసుకుపోయి, అక్కడ జనాన్ని మోసం చేసే పనిలో పెట్టారు. ఏజెంటు మాట మీద విమానమెక్కే అలవాటున్న మన జిల్లాలో తల్లిదండ్రులు దీన్ని తేలికగా తీసుకోవద్దు.

ఇక సిగ్గు సంగతి. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి పెట్టిన కాలం నుండీ ఈ ప్రాంతపు వైద్యులకు అనుభవమైన విషయం ఒకటుంది. స్పర్శ లేని మచ్చను చొక్కా చేతుల కింద దాచుకుని, వేళ్లు వంకరపోయాక వచ్చేవారు. మచ్చ దశలోనే వస్తే, ఈనాటి మందులతో వేళ్లు దక్కుతాయి. డబ్బు విషయంలో కూడా ఆలస్యమే ఎక్కువ నష్టం చేస్తుంది. పోయిన డబ్బు ఒక ఖాతా నుండి మరో ఖాతాకు గంటల్లో మారిపోతుంది. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేస్తే దాన్ని మధ్యలో ఆపడానికి వీలుంటుంది. ఓటీపీ మనమే ఇచ్చినా సరే, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తర్వు ఇచ్చింది. మన పెద్దాయన నోరు విప్పేసరికి మూడు నెలలు గడిచాయి.

అందుకే ఇంట్లోవారిని ఒకటి అడుగుతున్నాము. ఎవరైనా డబ్బు పోయిందని చెబితే, "నీకు బుద్ధి లేదా" అనే మాట రేపటికి దాచుకోండి. ముందు ఫోను చేతికివ్వండి.

ఆ రోజు పెద్దాయన భార్యను లోపలికి పిలిచి మేమే చెప్పాము. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గిదేనా? నాకేమో నీకు పెద్ద రోగమొచ్చి దాస్తున్నవని భయమైంది" అన్నది. డబ్బు తిరిగి రాలేదు గాని, తర్వాతి నెల బి.పి. 140 కిందికి దిగింది.

మా ఆస్పత్రి పేరుతో బిల్లు కట్టమని మీ ఫోనుకు ఏదైనా లింకు వస్తే నొక్కవద్దు. కౌంటరు దగ్గరికి వచ్చి అడగండి.