పిన్ను నొక్కిన చెయ్యి

మొన్న చిలమత్తూరు మండలంలో ఒక పొదుపు సంఘం సమావేశానికి వెళ్లాను. చింతపండు కొని, గింజ తీసి, కిలో ప్యాకెట్లు కట్టి అమ్ముకునే పదిమంది ఆడవాళ్లు. పోయిన నెల వాళ్ల లీడరుకు ఫోను వచ్చింది. బెంగుళూరులో హాస్టలుకు రెండు క్వింటాళ్లు కావాలి, అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ను నొక్కమ్మా అన్నాడు. నొక్కింది. సంఘం పెట్టుబడిలో 18 వేలు పోయాయి.

నాలుగు రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు. "యాడ చెప్పుకునేదక్కా, సదువు రానిదానికి ఫోనెందుకని మా ఆయన ముందే అంటా ఉండె" అంది నాతో. చెప్పాక భర్త ఫోను లాక్కున్నాడు. లీడరుగా తీసేద్దామని సంఘంలో సగంమంది అన్నారు. బ్యాంకులో "నువ్వే కదమ్మా నొక్కింది" అని పంపేశారు. మోసం చేసినవాడి ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాకు హైదరాబాదులోని మహేశ్ బ్యాంకు గుర్తొచ్చింది. 2022 జనవరిలో ఆ సహకార బ్యాంకు కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి 12 కోట్లకు పైగా తరలించారు. ఉద్యోగులకు వచ్చిన దొంగ ఈమెయిళ్లే వాళ్లకు దారి. అవి తెరిచినవాళ్లు చదువుకున్నవాళ్లే, రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లే. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది కట్టుదిట్టాలు చెయ్యని బ్యాంకుకు. మరి మన చింతపండు సంఘంలో మాత్రం నేరమంతా ఒక్క వేలిదెలా అయింది?

ఏర్పాటులోనే లోపముంది. సంఘం ఖాతాలోంచి తియ్యాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఆ తిరుగుడు తప్పుతుందని పెట్టుబడిని లీడరు సొంత ఖాతాలో, ఫోనుకు తగిలించి ఉంచారు. దొంగకు ఒక్క మనిషిని తొందరపెడితే చాలింది. పొదుపు ఉద్యమం నేర్పిన రెండు సంతకాల అలవాటు ఏ కంపెనీ అమ్మే రక్షణ సరుకుకూ తీసిపోదు. ఫోను ఖాతాలో ఆ వారానికి కావలసినంతే ఉంచాలి. పెద్ద ఆర్డరు వస్తే ఇద్దరు కలిసి విచారించాలి. డబ్బు మనకు రావడానికి పిన్ను అక్కర్లేదన్న ముక్క ప్రతి సమావేశంలో చెప్పుకోవాలి.

ఫోను లేనివాళ్లకు భయం లేదనుకోవద్దు. ఈ మండలంలో 2009 ప్రాంతంలో నాలెడ్జ్ హబ్ పేరు చెప్పి, గోరంట్లతో కలిపి 8 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. చెప్పిన ఉద్యోగాలు రాలేదు. భూమి కాగితాల మీద వేలిముద్రలు వేసిన చేతులు మాత్రం మిగిలాయి. ఇలాంటి ముద్రలనే రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి దింపుకుని, అచ్చు పోసి, ఆధార్ ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన ముఠాను 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకున్నారు. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది. అవసరమైనప్పుడు తీసుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. మన కార్యకర్తలు గ్రామాల్లో ముందుగా చేయించవలసిన పని ఇది.

ఇక ఆ నాలుగు రోజుల మౌనం. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోను చేస్తే, డబ్బు చేతులు మారేలోపు ఆ ఖాతాలను నిలిపివేయించే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది పోతుంది. తిడతారన్న భయమే దొంగకు నాలుగు రోజులు గడువిచ్చింది. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం కూడా, ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయినది బ్యాంకుకు తెలిపేదాకా ఆమెదే నష్టమంది. మోసపోవడమూ అజాగ్రత్తా ఒకటేనా? ఈ ప్రశ్న మహిళా సంఘాలు బ్యాంకుల ముందు గట్టిగా అడగాలి. నేనింతవరకు ఎక్కడా అడగలేదు, అది నా లోపం కూడా.

ఆ సాయంత్రం చాలాసేపు వాదించుకున్నాక లీడరును మార్చకూడదని తీర్మానం రాశారు. తీర్మానాల పుస్తకం అట్ట మీద 1930 అని పెద్దగా రాసింది ఆమే. ఫోను మాత్రం ఇంకా భర్త జేబులోనే ఉంది. వచ్చే సమావేశానికి ఆయన్నీ పిలుస్తామన్నారు.