ఇందులో నేనెక్కడ?

ధనుర్మాసం వచ్చిందంటే నాకు కెమేరా పిచ్చి ముదురుతుంది. మా గుడ్లవల్లేరులో రైలెక్కితే గంటలోపే బందరు. ఈసారి ముందురోజు రాత్రే వెళ్ళి చుట్టాలింట పడుకొన్నాను. "సముద్రం నిరుడు ఉన్నట్టే ఉంటుంది, మళ్ళీ ఎందుకండీ?" అన్నది మా ఆవిడ. అన్నదేగాని, బందరు లడ్డు తెమ్మనడం మరచిపోలేదు.

తెల్లవారేసరికి మంగినపూడి చేరాను. అక్కడి తీరం నల్లది; ఇసుకలో ఒండ్రు కలిసి ఉంటుంది. కెమేరాకు నలుపంటే గిట్టదు. చీకటనుకొని వెలుతురు ఎక్కువ లాగి, నల్లనేలను బూడిదరంగు చేస్తుంది. మనమే కాస్త వెలుతురు తగ్గిస్తే తప్ప మంగినపూడి మంగినపూడిలా పడదు. ఈ కిటుకు తెలిసినందుకు నన్ను నేనే మెచ్చుకొంటూ గిలకలదిండి రేవుకు వచ్చాను.

పడవలు వచ్చి ఉన్నాయి. మగవాళ్ళు వలలు దులుపుతున్నారు. ఆడవాళ్ళు బుట్టల దగ్గర బేరాలాడుతున్నారు. నా కళ్ళు మాత్రం ఒక ముసలి జాలరి కోసం వెతికాయి. నిరుడు ఆయన పడవ అంచున నిలబడి వల సర్దుతుండగా తీసిన ఫొటో మా హాల్లో వేలాడుతున్నది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకొన్నదే. ఆయనకు మాత్రం, పంపుతానని మాట ఇచ్చి, ఏడాది జాగు చేశాను.

ఫొటో చేతికిచ్చాను. ఆయన తడిచేతులు పంచెకు తుడుచుకొని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది బాబూ. ఇందులో నేనెక్కడున్నాను?"

నిజమే. సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసిన బొమ్మ అది. ఆకాశమంతా బంగారం; మనిషి నల్లటి నీడ. దాన్నే నేను గొప్పనుకొన్నాను.

"మాది దివిసీమ. డెబ్బై ఏడు ఉప్పెనలో మా అమ్మ పోయింది. ఎట్లా ఉండేది తాతా అని మనవరాలు అడుగుతుంది. చూపించడానికి కాగితం ముక్క లేదు. నా ముఖమన్నా దానికి ఉంటుందని ఆశపడ్డాను బాబూ."

1977 నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అంతకుముందు 1864 నవంబరు 1 రాత్రి ఈ బందరునే ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. వారిలో ఎందరి ముఖాలు ఎవరికి తెలుసు?

మనవరాలిని పిలిపించాడు. ఈసారి సూర్యుణ్ణి నా వీపు వెనుక ఉంచుకొన్నాను. చలికాలపు ఎండ పొద్దెక్కినా ఏటవాలుగానే పడుతుంది గనుక ముఖంలో ప్రతి ముడతా కనిపించింది. తాత కళ్ళు చికిలించాడు. పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. పోటీలకు పనికివచ్చే ఫొటో కాదు.

బందరు బజారులో కాగితం మీద వేయించి, సాయంత్రం రైలుకు ముందే వెళ్ళి ఇచ్చాను. చాలాసేపు చూసి, "ఇదీ నేను" అన్నాడు.

లడ్డు సంగతి రైలు కదిలాక గుర్తుకొచ్చింది.

మా హాల్లో ఇప్పుడు రెండు ఫొటోలున్నాయి. వచ్చినవాళ్ళు ఇప్పటికీ మొదటిదాన్నే మెచ్చుకొంటున్నారు.