రెండో ఉద్యోగం దొరికే ఊరు

డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు ఏ ఊరు వెళ్లాలన్నది మన ఇళ్లలో రెండు ప్రశ్నలతో తేలిపోతుంది: ప్యాకేజీ ఎంత, అక్కడ మనవాళ్లెవరున్నారు? రెండూ అడగాల్సినవే. కానీ వీటికన్నా ముందు అడగాల్సింది మరొకటుంది. ఈ ఉద్యోగం పోతేనో, పడకపోతేనో ఇల్లు మారకుండా అక్కడే ఇంకొకటి దొరుకుతుందా?

చేరిన కంపెనీలోనే రిటైరయ్యే కాలం పోయింది. జీతం గట్టిగా పెరిగేది కంపెనీ మారినప్పుడే. అదే పని చేయించే సంస్థలు చుట్టుపక్కల నలభై ఉంటే, ఉద్యోగి మాట మేనేజరుకూ కాస్త వినిపిస్తుంది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్, గచ్చిబౌలి కోడింగ్ తెలిసినవాళ్లకు ఇచ్చింది ఈ ధీమానే. టీకాలు, మందుల రంగంలోకి వెళ్లేవారికి జీనోమ్ వ్యాలీ కూడా అలాంటిదే.

చిక్కల్లా, అందరికీ అదే ఊరు సరిపోతుందనుకోవడంలో ఉంది. మెకానికల్ చదివినవాడు కూడా అమీర్‌పేట హాస్టల్లో దిగి జావా కోర్సులో చేరడం మామూలైపోయింది. ఇష్టపడి చేరితే సరే. యంత్రాల మీద మనసున్నవాడు మాత్రం చెన్నై వైపు చూడాలి. శ్రీపెరంబుదూరు, ఒరగడం చుట్టూ హ్యుందాయ్, రెనో, భారత్‌బెంజ్ ప్లాంట్లు, వాటికి విడిభాగాలు చేసిచ్చే చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు బోలెడు. మన పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది, మంచిదే. కానీ కియా, దాని సప్లయర్లు వద్దనుకున్నవాడికి ఆ చుట్టుపక్కల మరో కార్ల కంపెనీ లేదు, పెట్టె సర్దుకోవాల్సిందే.

ఖర్చుల లెక్కలో అద్దె ఒక్కటే చూస్తే మోసపోతాం. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్సుతో ఇల్లు దొరుకుతుంది. బెంగళూరులో అయిదారు నెలలు, కొన్నిచోట్ల పది నెలల అద్దె ముందే కట్టమంటారు. ఇరవై వేల ఇంటికి రెండు లక్షలు! మొదటి జీతం అందని కుర్రాడు ఎక్కడ తెస్తాడు? నాన్నే తేవాలి. ఇక ప్రయాణం సంగతి. హైదరాబాద్ మెట్రో రాయదుర్గంతో ఆగిపోయింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసైతే అక్కణ్నుంచి మళ్లీ ఆటోయో, క్యాబో. కాబట్టి ఊరి పేరు కాదు, ఆఫీసున్న పేట పేరు అడగాలి.

‘మనవాళ్లున్నారా’ అన్న ప్రశ్న అమ్మాయిల విషయంలో మరీ బిగుసుకుంటుంది. అన్న పుణె వెళ్తానంటే సూట్‌కేసు కొనిపెట్టే ఇల్లు, చెల్లెలికి హైదరాబాద్‌లో పిన్ని ఇల్లు దాటనివ్వదు. పిన్ని ఇంటి నుంచి ఆఫీసుకి రెండు గంటలైనా సరే.

మరి విశాఖ? 2025లో టీసీఎస్‌కు 99 పైసలకే భూమి ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. అయితే అందులో ప్రధానమైనది డేటా సెంటర్. దానికి కరెంటు, నీళ్లు కావలసినంతగా మనుషులు అక్కర్లేదు. సొంతింట్లో ఉంటే మిగిలే డబ్బు నిజమే, సముద్రం సరేసరి. కానీ ఒక కంపెనీ మానేసినవాడికి పక్క వీధిలో ఇంకో అయిదు కంపెనీలు కనిపించే స్థితి అక్కడ ఇంకా రాలేదు. అక్కడి కుర్రాళ్లు మొదటి మూడేళ్లు బయట పనిచేసి, చేయి తిరిగాక వెనక్కి రావడం మేలనుకుంటాను. హైదరాబాద్ జీతం చూపించి విశాఖలో బేరమాడొచ్చు. విశాఖ జీతం చూపించి హైదరాబాద్‌లో బేరమాడటం కష్టం.