నానీ రీఛార్జ్, నా నౌకరీ

షాదీల్లో ఎవరైనా "బేటీ ఏం చేస్తోంది?" అని అడిగితే నాకంటే ముందే అమ్మీ "సాఫ్ట్‌వేర్" అనేస్తుంది. "టెలికాం పాలసీలో రీసెర్చ్ అసిస్టెంట్" అంటే ఎవరికీ ఎక్కదని ఆమె బెంగ. ఒక ఖాలా అయితే "సిమ్‌కార్డులు అమ్ముతావా?" అని అడిగింది.

అమ్మను, చదువుతాను. ట్రాయ్ ఏదైనా రూలు మార్చాలనుకుంటే ముందుగా కన్సల్టేషన్ పేపర్ విడుదల చేస్తుంది. అందులోని ప్రశ్నలకు కంపెనీలే కాదు, మామూలు జనం కూడా జవాబు రాయొచ్చు. వచ్చిన జవాబులు చదివి, ఎవరి దలీల్ ఏమిటో పట్టిక వేసి, లెక్కలు సరిచూసి, మా ఆఫీసు పంపే జవాబుకు ముసాయిదా రాయడం నా పని. సగం రోజు ఫుట్‌నోట్లకే పోతుంది.

2024 జూలైలో అలాంటి పేపరొకటి వచ్చింది. డేటా అక్కర్లేని వాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌ల ప్యాకు వేరేగా ఉండాలా అన్నది అందులో ఒక ప్రశ్న. చదవగానే నానీ గుర్తొచ్చింది. ఆమెది బటన్ ఫోన్. అయినా రీఛార్జ్ చేయించిన ప్రతిసారీ వాడని డేటాకు కూడా పైసలు కడుతుంది. ఆ సంగతి రెండు వాక్యాల్లో రాశాను. "ఇది ఒక ఇంటి కిస్సా, సబూత్ కాదు" అని సార్ కొట్టేశారు. చాలా గుస్సా వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన మాటలోనూ కొంత నిజముందనిపించింది. ఒక్క నానీది కిస్సానే. గల్లీలోని నానీలందరూ రాయించి పంపి ఉంటే?

డిసెంబరులో కొత్త రూలు వచ్చింది. డేటా లేని ప్యాకు ప్రతి కంపెనీ కనీసం ఒకటైనా ఇవ్వాలి, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. షుక్రియా. కానీ ధర మాత్రం కంపెనీల ఇష్టానికే వదిలేశారు. నానీ అడిగేదేమో ధర గురించే!

ఇంజినీరింగ్, గల్ఫ్, బ్యాంకు పరీక్షలు తప్ప మన పిల్లలకు వేరే దారి లేదనుకుంటున్నాం. లా, ఎకనామిక్స్ చదివిన పిల్లలకు ఇదీ ఒక దారే. జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, నాది ఏడాది కాంట్రాక్టు. అబ్బా దీన్నే ఎత్తిచూపుతారు, ఆయన ఫికర్ తప్పనను. కానీ మన ఇంటి ఖర్చు తేలే ఆ కాగితాల్లో మన మొహల్లా మాట ఒక్కటీ లేకపోతే ఎలా? అది రాసేవాళ్లు మన ఇళ్లలోంచే రావాలి.

మొన్న ఆ ఖాలాయే ఫోన్ పట్టుకొచ్చి, తన ప్యాకులో డేటా ఎందుకుందని అడిగింది. ఉర్దూలో రాసివ్వమన్నాను, తర్జుమా నేను చేస్తానన్నాను. కళ్లజోడు వెతుక్కుంటోంది.