అంబేద్కర్ చదివిన చోటే ఆ చైనా పంతులూ చదివాడు

మన సోషల్ మాస్టార్లను ఒక మాట అడగదలుచుకున్నాం. చైనా పాఠం వచ్చినప్పుడు మీరు పిల్లలకు ఏం చెబుతున్నారు? మేము చదువుకున్న రోజుల్లో బళ్లో చైనా అంటే పెద్ద గోడ, హ్యూయెన్‌త్సాంగ్, నల్లమందు. అంతే. బడి బయట అన్నలు చెప్పిన చైనా ఇంకోటి. అందులో లాంగ్ మార్చ్ ఉంది, మావో ఉన్నాడు. ఈ రెండు చైనాల్లోనూ పల్లెకు నడిచొచ్చి అక్షరం చెప్పిన పంతులు మాత్రం లేడు. ఆయన పేరు తావ్ శింగ్‌జి.

ముందు సంగతి ముందు చెప్పుకోవాలి. ఆ రోజుల్లో పడమటి దేశాలు చైనా గడప తొక్కింది పుస్తకం పట్టుకుని కాదు, ఫిరంగి పట్టుకుని. గంగ ఒడ్డున రైతులకు బయానా ఇచ్చి పండించిన నల్లమందును ఇంగ్లీషు వర్తకులు చైనాలో దించారు. వద్దన్నందుకు 1839లో యుద్ధానికి దిగారు, 1842లో హాంకాంగు రాయించుకున్నారు. ఆ యుద్ధంలో మద్రాసు పటాలాల సిపాయిలున్నారు. మనవాళ్లు కూడు కోసం చేరిన పటాలాలే అవి. ఈ ముక్క ఏ మాస్టారూ చెప్పగా మేము వినలేదు. తర్వాత 1901లో, బాక్సర్ల తిరుగుబాటు అణిచిన ఖర్చు పేరుతో చైనా నెత్తిన 45 కోట్ల టేళ్ల వెండి జరిమానా వేశారు. టేల్ అంటే మన మూడు తులాల పైచిలుకు. అమెరికా తన వాటాలో మిగులును 1908 తర్వాత చైనా కుర్రాళ్ల చదువులకు తిప్పింది. కొట్టి గుంజిన సొమ్మే స్కాలర్‌షిప్పయి తిరిగొచ్చింది! హూ షి అనే కుర్రాడు ఆ డబ్బుతోనే 1910లో అమెరికా వెళ్లాడు.

బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1916 దాకా అక్కడ ఉన్నారు. హూ షి, తావ్ ఇద్దరూ 1915లో అక్కడికే వచ్చారు. ముగ్గురూ పుట్టింది 1891లోనే. ముగ్గురికీ పాఠం చెప్పిన గురువు జాన్ డ్యూయీ. కులనిర్మూలన పుస్తకంలో బాబాసాహెబ్ ఆయన్ని తన గురువుగా తల్చుకున్నారు. ఆ డ్యూయీ 1919లో చైనా వెళ్లి రెండేళ్లకు పైగా ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. అవి చైనా కుర్రకారు రేగిపోతున్న రోజులు. హూ షి లాంటి వాళ్లు గ్రాంథికాన్ని తోసేసి జనం మాటలో రాయాలన్నారు. 1920లో చిన్న తరగతుల పుస్తకాలు వాడుక భాషలో ఉండాలని సర్కారే ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

తావ్ సంగతి మనకు ఇంకా దగ్గర. ఆయన తల్లి ఒక మిషన్ బడిలో పనిమనిషి. కొడుకూ ఆ బడిలో చదువుకున్నాడు. మిషన్ కాంపౌండులో వంట చేసి, బట్టలుతికి బిడ్డల్ని చదివించిన అమ్మమ్మలు మన పల్లెల్లో ఎందరు లేరు? 1923లో ఆ తల్లికి 57 ఏళ్లు. అప్పుడు మనవడు, ఆరేళ్ల పిలగాడు, ఆమె పక్కన కూర్చుని అక్షరాలు నేర్పాడు. కొద్ది రోజులకే కొడుకు రాసిన ఉత్తరం ఆమె తనంతట తనే చదువుకుంది. పెద్ద చదువు చదివొచ్చిన తావ్‌కు అసలు పాఠం అక్కడ దొరికింది.

1927లో నాంజింగ్ ఊరి బయట 13 మంది విద్యార్థులతో పల్లె పంతుళ్ల బడి తెరిచాడు. పెద్దింటి అబ్బాయిలు, అమ్మాయిలు, ఉత్త పుస్తకాల పురుగులు, పట్టా పిచ్చోళ్లు రావద్దని ప్రకటనలోనే రాశాడు. చేరాలంటే పలుగు పార పట్టాలి. బతుకే చదువు, సమాజమే బడి అని గురువు గారి మాటనే తిరగేశాడు. చాంగ్ కై షేక్ సర్కారు 1930లో ఆ బడి మూసేసింది. ఆయన జపాన్ పారిపోయి, మళ్లీ వచ్చి, 1934లో 'చిన్న పంతుళ్ల' పద్ధతి పెట్టాడు. పగలు నేర్చుకున్న పిల్ల సాయంత్రం అమ్మకు, నాయనమ్మకు, పశువులు కాసే పిల్లలకు నేర్పాలి. ఎందుకంటే పరాయి మగ పంతులు ఆడవాళ్లున్న ఇంట్లోకి పోలేడు, పిల్లలు పోగలరు. పల్లె పొలిమేర దాటి లోపలికి రాని పంతుళ్లను చూసినవాళ్లం మనం. ఈ మాట విలువ మనకు ఒకరు చెప్పాలా?

పోతే, ఎర్రజెండా వచ్చాక ఆయనకు దక్కిందేమిటి? తావ్ 1946లోనే చనిపోయాడు. 1951లో, బిచ్చమెత్తి పేదలకు బడులు కట్టించిన వూ శున్ అనే ఆయన సినిమా మీద మావో విరుచుకుపడ్డాడు. భూస్వాములకు దణ్ణాలు పెట్టి కట్టిన బళ్లతో విప్లవం రాదన్నారు. ఆ దెబ్బలో వూ శున్‌ను మెచ్చుకున్న తావ్ చదువులూ కొట్టుకుపోయాయి. 1980లలో గానీ ఆయన పేరు మళ్లీ పైకి రాలేదు. మా కామ్రేడ్లు కూడా ముందు భూమి, బడి సంగతి తర్వాత అనేవాళ్లు. భూమి కావాలి, కాదనం. కానీ పట్టాలో ఏం రాశారో చదవలేక వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న వాళ్లం కూడా మనమే గదా.

ఒక అనుమానం మాలోనూ ఉంది. పిల్లలే చెప్పుకుంటారులే అని సర్కారు ఉన్న ఒక్క పంతుల్నీ ఎత్తేస్తే? అందుకే చెబుతున్నాం, చిన్న పంతులు పెద్ద పంతులుకు బదులు కాదు. పోస్టు కోసం మండలాఫీసు ముందు కూర్చోవాల్సిందే. సాయంత్రం అమ్మ చేతికి పలక ఇవ్వాల్సిందే.

మాస్టార్లూ, మీ శిక్షణ తరగతుల్లో చైనాకు ఒక పూట ఇస్తే అందులో ఒక గంట తావ్‌కు ఇవ్వండి. మన పల్లెల నుంచి ఉద్యోగాల్లోకి పోయిన మాస్టార్లను మరీ అడుగుతున్నాం. నాలుగు గంటల బస్సుకు పోయే ముందు ఒక్క సాయంత్రం మా పల్లెలో ఆగండి. ఏడో తరగతి పిల్లలు పది మంది ఉన్నారు. వాళ్లమ్మలు రేషన్ కార్డు మీద తమ పేరు చదవడం దగ్గర మొదలుపెడతామంటున్నారు.