వందో వంతు గోదావరి చెప్పే పాఠం

‘సివిల్ చదివి హైటెక్ సిటీలో ఉద్యోగం వెతుక్కుంటున్నాం. ఇక హైడ్రాలిక్స్‌తో పనేముందన్నా?’ జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. దారి మార్చుకోవడం తప్పేం కాదు. నేనూ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్నే. కానీ ఒక్క చాప్టర్ మాత్రం వదిలేయొద్దంటాను. అది డైమెన్షనల్ అనాలిసిస్, మోడల్ స్టడీస్. బకింగ్‌హామ్ పై సిద్ధాంతాన్ని మార్కుల కోసం బట్టీ కొట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మరిచిపోతామే, ఆ చాప్టర్.

హైటెక్ సిటీ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే హిమాయత్‌సాగర్ ఎంతో దూరం కాదు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన జలాశయం అది. దాని దగ్గరే తెలంగాణ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో దాని పేరు ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్. బ్యారేజీలు, స్పిల్‌వేల నమూనాలను చిన్న సైజులో కట్టి, నీళ్లు వదిలి పరీక్షించడం ఇలాంటి ల్యాబుల పని. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం 1916 నుంచీ ఇదే రంగంలో ఉంది. పోలవరం స్పిల్‌వే నమూనా పరీక్షలు జరిగింది అక్కడే.

పోలవరం లెక్కే తీసుకుందాం. 48 గేట్లు, 50 లక్షల క్యూసెక్కుల వరదకు డిజైన్. దీన్ని 1:100 స్కేలులో కట్టామనుకోండి. కిలోమీటరు దాటిన స్పిల్‌వే 11 మీటర్లకు వస్తుంది. మరి నీళ్లెన్ని వదలాలి? వందో వంతు, అంటే 50 వేల క్యూసెక్కులా? కాదు. 50 క్యూసెక్కులు చాలు.

ఎలాగంటే, స్పిల్‌వే మీద నీటిని నడిపించేది ప్రధానంగా గురుత్వాకర్షణ. కాబట్టి ప్రవాహ వేగానికీ గురుత్వానికీ ఉన్న సంబంధం నదిలో ఎలా ఉందో నమూనాలోనూ అలాగే ఉండాలి. దాన్ని కొలిచేదే ఫ్రౌడ్ నంబర్. అది మారకూడదంటే పొడవు వంద రెట్లు తగ్గినప్పుడు వేగం పది రెట్లే తగ్గాలి. నీరు పారే వైశాల్యం పది వేల రెట్లు తగ్గుతుంది. రెండూ గుణిస్తే ప్రవాహం లక్ష రెట్లు తగ్గినట్టు. కాలం కూడా పది రెట్లు కుదించుకుపోతుంది. గోదావరిలో 24 గంటలు సాగే వరద ల్యాబులో 2 గంటల 24 నిమిషాల్లో అయిపోతుంది. డైనమిక్ సిమిలారిటీ అంటే ఇదే. ఆకారం ఒకేలా ఉంటే చాలదు, బలాల మధ్య నిష్పత్తి కూడా కలవాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీటికి స్నిగ్ధత, అంటే జిగట కూడా ఉంటుంది. దాని లెక్క రేనాల్డ్స్ నంబర్ చూస్తుంది. నమూనాలోనూ నీళ్లే వాడుతూ ఆ నంబర్ కూడా కలవాలంటే వేగం వంద రెట్లు పెరగాలి. ఫ్రౌడ్ ఏమో పది రెట్లు తగ్గించమంటాడు. రెండూ ఒకేసారి కుదరవు. ఇసుకదీ ఇదే గొడవ. అర మిల్లీమీటరు రేణువును వంద రెట్లు తగ్గిస్తే 5 మైక్రాన్లు. అది ఇక ఇసుక కాదు, మెత్తటి ఒండ్రు. ఇసుకలా దొర్లదు, అంటుకుంటుంది. గాలి బుడగలు కూడా మన స్కేలు ప్రకారం చిన్నవి కావు.

మరి ఇంజనీర్ ఏం చేస్తాడు? ఈ పరీక్షలో ఏ బలం ముఖ్యమో తేల్చుకుని దాన్ని కలుపుతాడు. మిగతావాటి తేడా ఫలితాన్ని చెడగొట్టకుండా నమూనాను తగినంత పెద్దదిగా కడతాడు. ఏ ఫలితాన్ని నమ్మొచ్చో, దేన్ని నమ్మకూడదో ముందే చెబుతాడు. నా దృష్టిలో ఆ చివరిదే అసలు ఇంజనీరింగ్.

ఇప్పుడు సైబరాబాద్‌లోని ఆఫీసుల్లోకి రండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీం ఒక అప్లికేషన్‌ను టెస్ట్ సర్వర్‌లో పరీక్షించింది. కొన్ని వేల రికార్డులతో క్షణాల్లో పనిచేసింది. అసలు డేటా మీదకు వెళ్లగానే కూలబడింది. కారణం చిన్నదే. టెస్ట్ డేటా మొత్తం మెమరీలో పట్టేసింది, అసలు డేటా పట్టలేదు. ఇసుక ఒండ్రుగా మారినట్టే, మా సమస్య స్వభావమే మారిపోయింది. మేం ఆకారాన్ని తగ్గించాం, నిష్పత్తిని చూసుకోలేదు.

‘ఇప్పుడన్నీ కంప్యూటర్ సిమ్యులేషన్లే కదా’ అంటారేమో. సిమ్యులేషన్ కూడా నమూనానే. సుడులు తిరిగే ప్రవాహాన్ని అది కొన్ని ఊహల మీదే లెక్కగడుతుంది. అందుకే ఆ ఫలితాలను ల్యాబ్ కొలతలతో పోల్చి చూసుకుంటారు. డిజిటల్ ట్విన్, మెషీన్ లెర్నింగ్ మోడల్, లోడ్ టెస్ట్... పేరేదైనా ప్రశ్న ఒక్కటే. చిన్నది చెప్పింది పెద్దదానికి ఎంతవరకు వర్తిస్తుంది?

హైడ్రాలిక్స్ ల్యాబుల్లో ఉద్యోగాలు వేలల్లో ఉండవు, నిజమే. అయినా ఈ చాప్టర్ గేట్ సివిల్‌లో ఉంది, ఏఈఈ పరీక్షల్లోనూ పనికొస్తుంది. హెచ్ఈసీ-రాస్, ఓపెన్‌ఫోమ్ ఉచితంగా దొరుకుతాయి. మీ ఊరి చెరువు అలుగునే తీసుకుని లెక్క కట్టి చూడండి. కాలేజీ ద్వారా అనుమతి అడిగి ఒకసారి ల్యాబుకు వెళ్లి రండి.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే అందరూ ‘డెమో బాగా పనిచేసింది సార్’ అంటారు. మీరు ఇంకో మాట కలపండి. ‘ఇది ఇక్కడిదాకా నమ్మొచ్చు, ఆ పైన వేరే పరీక్ష కావాలి’ అని. తన నమూనా హద్దు తెలిసినవాడి చేతికే పెద్ద పని అప్పగించాలని నేనంటాను.