ఇంటి గుట్టు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్నారు మన పెద్దలు. ఈ సామెత విన్నప్పుడు తప్పంతా రావణుడిది కాక, విభీషణుడిదేమోనన్న భ్రమ కలుగుతుంది. లోపలివాడు నోరు విప్పితే కొంప మునుగుతుందన్న హెచ్చరికే అందులో వినిపిస్తుంది. నోరు విప్పినవాడి గతి ఏమిటో మాత్రం సామెత చెప్పదు. ఆ సంగతి సూరత్ నగరంలో నడిచిన ఒక వ్యాజ్యం చెప్పింది.

తాపీ నది ఒడ్డున, వజ్రాల సానకూ చీరల మరమగ్గాలకూ పేరుపడిన సూరత్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. తెలంగాణ నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. ఆ నగరపు జహంగీర్‌పురాలో ఆశారాం బాపూ సంస్థకు ఒక ఆశ్రమం ఉండేది. 1970 దశకం ఆరంభంలో అహమ్మదాబాదు శివార్లలోని మోటేరాలో, సాబర్మతి తీరాన ఒక కుటీరంతో మొదలైన ఆ సంస్థ కాలక్రమాన దేశమంతటా వందలాది ఆశ్రమాలుగా, గురుకులాలుగా విస్తరించింది. మందులు, అగరువత్తులు, మాసపత్రికలు అన్నీ ఆశ్రమం పేరుతోనే భక్తుల ఇళ్ళకు చేరేవి.

ఇంత పెద్ద వ్యవస్థను నడిపినవారు ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన సేవకులు. వంట చేసేవాడొకడు, వైద్యం చూసేవాడొకడు, ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవాడొకడు. ఆశారాం కుమారుడు నారాయణ సాయి అంతరంగిక పరివారంలో గంగ, జమున, హనుమాన్ అనే పేర్లు వినిపించేవి. అవి ఆశ్రమంలో వారికి వచ్చిన పేర్లు. ఉద్యోగి యజమానితో పొసగకపోతే రాజీనామా ఇచ్చి వెళ్ళిపోవచ్చు. సేవకుడికి ఆ సౌకర్యం లేదు. గురువును విడవడం అతని దృష్టిలోనూ, తోటివారి దృష్టిలోనూ ద్రోహమే. కనుకనే చూసినవారు చాలాకాలం చూడనట్టే ఉండిపోతారు.

2013 అక్టోబరులో సూరత్‌కు చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఆ మౌనాన్ని ఛేదించారు. ఇద్దరూ ఒకప్పుడు ఆశ్రమవాసులే. మోటేరాలో ఆశారాం తనపై అత్యాచారం చేశాడని అక్క, సూరత్ ఆశ్రమంలో నారాయణ సాయి తనపై అత్యాచారం చేశాడని చెల్లెలు పోలీసులకు ఫిర్యాదు చేశారు. అప్పటికే ఆశారాం ఒక బాలికపై అత్యాచారం చేశాడన్న అభియోగంతో జోధ్‌పూర్ జైలులో ఉన్నాడు.

ఇక సాక్ష్యం చెప్పవలసినవారెవరు? గది తలుపు ఎప్పుడు మూసుకున్నదో, ఎవరు ఎవరిని లోపలికి పంపారో తెలిసినది పరిచారకులకే. వారిలో కొందరు ముందుకు వచ్చారు. ఫలితం అనుభవించారు.

2014లో సూరత్‌లోనే ఒక సాక్షిపై యాసిడ్ చల్లారు. ఆశారాంకు ఒకప్పుడు వైద్యుడుగా ఉన్న అమృత్ ప్రజాపతిని అదే సంవత్సరం మే నెలలో రాజ్‌కోట్‌లో తుపాకితో కాల్చారు. జూన్ నెలలో ఆయన మరణించాడు. 2015 జనవరిలో ఆశ్రమపు మాజీ వంటవాడిని ముజఫర్‌నగర్‌లో కాల్చి చంపారు. అదే ఏడు మే నెలలో నారాయణ సాయికి ఒకప్పుడు ఆంతరంగిక సహాయకుడైన మహేందర్ చావ్లాపై పానిపట్ జిల్లాలోని అతని స్వగ్రామంలో కాల్పులు జరిగాయి. అతడు బతికి బయటపడ్డాడు. జులైలో షాజహాన్‌పూర్‌లో మరొక సాక్షి తుపాకి గుండుకు బలి అయ్యాడు.

అయినా విచారణలు ఆగలేదు. 2018 ఏప్రిల్ 25న జోధ్‌పూర్ న్యాయస్థానం ఆశారాంకు యావజ్జీవ శిక్ష విధించింది. 2019 ఏప్రిల్ 30న సూరత్ సెషన్సు న్యాయస్థానం నారాయణ సాయికి అదే శిక్ష వేసింది. నేరానికి తోడ్పడినందుకు గంగ, జమున, హనుమాన్‌లకు పదేసి సంవత్సరాలు, డ్రైవరుకు 6 నెలలు శిక్ష పడింది. అక్క ఫిర్యాదుపై 2023 జనవరి 31న గాంధీనగర్ న్యాయస్థానం ఆశారాంకు మరొక యావజ్జీవ శిక్ష విధించింది. అదే వ్యాజ్యంలో ఆయన భార్య, కుమార్తెతో సహా 6గురిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. శిక్షపడిన తండ్రీకొడుకులు పై న్యాయస్థానాలను ఆశ్రయించారు.

ఈ కథలో శిక్షలకంటె ఎక్కువ కాలం నిలిచే ఫలితం మరొకటి ఉన్నది. గాయపడిన చావ్లా, హతుడైన ఆ వంటవాడి తండ్రి, మరి ఇద్దరు కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. తమకూ తమవంటి సాక్షులకూ రక్షణ కావాలన్నారు. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, చట్టం వచ్చేవరకు అదే దేశమంతటికీ శాసనమని ప్రకటించింది. దాని ప్రకారం, ప్రాణభయం ఉన్న సాక్షి జిల్లా న్యాయమూర్తి అధ్యక్షత వహించే సంఘానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోలీసు అధికారి ముప్పును అంచనా వేసి నివేదిక ఇవ్వాలి. అవసరాన్నిబట్టి ఇంటివద్ద కాపలా, రహస్య విచారణ, నివాస మార్పు, చివరకు కొత్త పేరు కూడా ఇవ్వవచ్చు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఇటువంటి పథకాన్ని ప్రతి రాష్ట్రమూ రూపొందించవలసిందేనని నిర్దేశించింది.

విభీషణుడు లంక విడిచి వచ్చినప్పుడు శ్రీరాముడు అభయమిచ్చాడు. ఆ అభయం లేకపోతే అతడి ధర్మబుద్ధి సముద్రపు ఒడ్డునే అంతమైపోయి ఉండేది. ఆశ్రమం విడిచి వచ్చిన పరిచారకులకు అటువంటి అభయం వేళకు అందలేదు. వారిలో ఒకడిపై 2015 ఫిబ్రవరిలో జోధ్‌పూర్ న్యాయస్థానం ఆవరణలోనే కత్తిదాడి జరిగింది. గాయాలు మానిన తరువాత, అదే సంవత్సరం నవంబరులో అతడు కనిపించకుండా పోయాడు. సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం మూడు సంవత్సరాల తరువాత వచ్చింది.